పచ్చ జట్టు కుర్చీ

వాషింగ్టన్‌లో మసాచుసెట్స్ అవెన్యూ మీదున్న పటాప్‌స్కో సంస్థలో యుద్ధం జరిగిన ప్రతిసారీ లోర్నా హావర్‌క్యాంప్‌ది ఒకటే కుర్చీ. బల్ల చివర, గోడకు వీపు పెట్టి, ఏసీ గాలి సూటిగా మెడ మీద పడే చోటు. నడి వేసవిలో కూడా ఆమె ఆఫీసు బీరువాలో ఒక ఊలు స్వెట్టర్ వేలాడుతూ ఉండేదంటే కారణం అదే.

యుద్ధమనగానే కంగారు పడక్కర్లేదు. రక్షణ శాఖలో ఏదో ఒక కార్యాలయానికి ఒక సందేహం వస్తుంది. ఫలానా సముద్రంలో ఫలానా వాడు ఓడలు దించితే మనమేం చేయాలి? ఆ సందేహం తీర్చే పనిని పటాప్‌స్కో లాంటి థింక్‌ట్యాంకుకు అప్పజెపుతారు. వీళ్లు పెద్ద బల్ల మీద సముద్రం మ్యాపు పరిచి, రిటైరైన సైనికాధికారుల్నీ డాక్టరేట్లున్న వాళ్లనీ పిలిచి, జట్లుగా విడదీసి ఆడిస్తారు. నీలం జట్టు అంటే మనం. ఎర్ర జట్టు అంటే శత్రువు. తెల్ల జట్టు తీర్పరులు. ఆకుపచ్చ జట్టు మన పక్షాన ఉన్న చిన్న దేశం, అందరూ పచ్చ అని పిలుస్తారు. నీలానికి బల్ల ఒక వైపంతా చాలదు. ఎరుపు మంతనాలకు పక్కన ప్రత్యేకంగా ఒక గది. పచ్చకి ఒక్క కుర్చీ, దాని మీద లోర్నా.

పచ్చ చేయాల్సిన పనీ పెద్దగా ఉండదు. ఆట కాస్త వేడెక్కాక తీర్పరి ఆమె వైపు తిరిగి, "రేవునీ ఎయిర్‌స్ట్రిప్‌నీ నీలం వాడుకోడానికి పచ్చ ఒప్పుకుంటుందా?" అని అడుగుతాడు. లోర్నా "సరే" అంటుంది. అంతటితో నీలం విమానాలు దిగుతాయి, మిసైళ్లు మోహరిస్తాయి, మగాళ్లందరూ మ్యాపు మీదికి వంగుతారు. ఆమె మళ్లీ నోరు విప్పేది ఇంటికి బయల్దేరేటప్పుడే. ఒక్కసారైనా కాదనవచ్చు కదా అంటారేమో. పచ్చ కాదంటే విమానాలకు దిగే చోటుండదు. చోటు లేకపోతే ఆట లేదు, ఆట లేకపోతే రిపోర్టు లేదు. ఈ నియమం ఏ కాగితం మీదా ఉండదు. రాసిపెట్టాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

లోర్నాది అమెరికా ఉత్తరాన ఉన్న డులూత్. ఆమె తండ్రి అక్కడ ఇనుప ఖనిజాన్ని ఓడలకెక్కించే రేవులో పనిచేసేవాడు. ఓడలు వస్తాయో రావో, ఎన్ని వస్తాయో, ఆ సంగతులన్నీ ఇంకెక్కడో ఎవరో తేలుస్తారని ఇంట్లో వింటూ పెరిగింది. ఆ ఎక్కడో ఎక్కడుందో చూద్దామనే వాషింగ్టన్ వచ్చింది. సోవియట్ రైళ్ల మీద పరిశోధన చేసి, వాళ్ల సైన్యం ఏ పట్టాల మీద ఎంత వేగంగా కదలగలదో తేల్చింది. ఆ పుస్తకం అచ్చయ్యే లోపల సోవియట్ యూనియనే లేకుండా పోయింది. తర్వాత ఎడారుల కాలం వచ్చింది, ఆ తర్వాత దీవుల కాలం. శత్రువు మారినప్పుడల్లా చదివిందంతా మూల పడేసి, మళ్లీ ఓనమాల నుంచి మొదలుపెట్టింది. ఈ ఊళ్లో అందరూ అలాగే చేశారు కాబట్టి దాన్ని ఎవరూ నష్టమనుకోలేదు. అనుభవం అన్నారు.

నడుమ ఒక పెళ్లి కూడా అయింది. ఆయన బడ్జెట్ లెక్కల మనిషి. పోట్లాడుకుని విడిపోవడానికి కూడా ఇద్దరికీ ఓపిక ఉండేది కాదు. సియాటిల్‌లో ఉద్యోగం వచ్చిందని ఆయన చెబితే, "అలాగా, నీ కోట్లు డ్రైక్లీనింగ్‌లో ఉన్నాయి, తెచ్చుకో" అంది. ఆయన తెచ్చుకుని వెళ్లిపోయాడు.

ఆమె పేరుతో వచ్చిన రిపోర్టులు ఆఫీసు అరలో వరసగా ఉన్నాయి. అట్టలు నిగనిగలాడుతూ ఉంటాయి, ఎవరూ ముట్టుకోరు కాబట్టి. ఈ ఊళ్లో పుస్తకం చదవడమంటే చివరి పేజీలు తిప్పి తమ పేరుందో లేదో చూసుకోవడమే కదా. మొదట్లో లోర్నాకి కోపం వచ్చేది, తర్వాత నవ్వు వచ్చేది. అరవై దాటాక ఏదీ రావడం మానేసింది. పొద్దున మెట్రో దిగి ఎస్కలేటర్ ఎక్కుతుంటే, పైకి చేరేలోపే సాయంత్రమైపోతే బాగుండుననిపించేది.

ఆ ఏప్రిల్‌లో జరిగిన ఆటకి ఒక కొత్త మనిషి వచ్చాడు. పచ్చ జట్టుగా ఎంచుకున్న దీవి దేశానికి ఊళ్లో చిన్న ఎంబసీ ఉంది. మర్యాద కోసం వాళ్లకొక ఆహ్వానం పంపితే, వాళ్లు సెకండ్ సెక్రటరీ హోదాలో ఉన్న చిన్న అధికారిని పంపారు. పేరు తొబియాస్ ఎరమ్. నలభై లోపు వయసు, ఒంటికి కాస్త వదులైన సూటు, మెడలో సందర్శకుల కార్డు. అతన్ని గోడవారన చూసేవాళ్ల వరసలో, సరిగ్గా లోర్నా వెనక కూర్చోబెట్టారు. చూసేవాళ్లు మాట్లాడకూడదన్నది ఆ గది మర్యాద. అతని దేశం తరఫున మాట్లాడటానికి లోర్నా ఉంది కదా.

ఎర్ర జట్టు నాయకుడు హెర్షెల్ క్వేడ్ రిటైరైన కల్నల్. శత్రువు వేషం కట్టీ కట్టీ ఆయనకి అదే సొంత ముఖమైపోయింది. మొదటి ఎత్తుకి ముందు లోర్నా కుర్చీ దగ్గర ఆగాడు.

"ఏమమ్మా, ఇవాళైనా ఆ దీవి నాకు అమ్మిపెడతావా, లేక ఎప్పట్లాగే వాళ్లకి ఊరికే ధారపోస్తావా?"

"నీ మొహానికి దీవొకటా? ముందు నీ రక్తపోటు చూసుకో."

"అది చూసుకునే మా ఆవిడ శాండ్‌విచ్‌లో ఉప్పు కూడా వెయ్యట్లేదు. ఈ యుద్ధం గెలిస్తే ఉప్పు తింటాను," అని ఆయన తన గదిలోకి పోయాడు.

రెండు ఎత్తులు మామూలుగా సాగాయి. భోజనాల విరామంలో అట్టపెట్టెల్లో టర్కీ శాండ్‌విచ్‌లు, చిప్స్, ఒక్కో కుకీ ఇచ్చారు. కాఫీ పాత్ర దగ్గర తొబియాస్ లోర్నా పక్కన నిలబడ్డాడు. గొంతు బాగా తగ్గించి అడిగాడు.

"మేడమ్, మా దేశం మీరేనా?"

లోర్నాకి నవ్వొచ్చింది. "అవునండీ. ఏమనుకోకండి."

"అయ్యో, అనుకోడానికేముంది. మీరు చాలా హుందాగా కూర్చున్నారు. మా మంత్రులెవరూ అంతసేపు కదలకుండా కూర్చోలేరు." అతను కాఫీలో పంచదార కలుపుకున్నాడు. "ఒక చిన్న సందేహం. తప్పయితే వదిలేయండి. మీరు ఒప్పుకున్నాక రేవు మీద మిసైళ్లు పడతాయి కదా. అప్పుడు మావాళ్లు ఎటు పోతారు?"

"మీవాళ్లంటే?"

"జనం. మ్యాపులో రేవు చుట్టూ ఖాళీగా ఉంది. అక్కడ మా హైస్కూలుంది, చర్చి ఉంది, మా పెద్దమ్మ కొట్టుంది. ఆటలో వాళ్లకి ఇంకెక్కడైనా చోటు చూపిస్తారేమో, నేను చూడలేదేమోనని అడిగాను."

అతని గొంతులో ఎత్తిపొడుపు లేదు. బస్సు ఎక్కడ ఆగుతుందో అడిగినట్టు అడిగాడు. లోర్నా కప్పు పట్టుకుని మ్యాపు దగ్గరికి వెళ్లి చూసింది. రేవు చుట్టూ లేత గోధుమరంగు తప్ప ఏమీ లేదు. ఇన్నేళ్లుగా ఆ రంగుని చూస్తూనే ఉంది. దాని గురించి ఎవరినైనా అడగాలని ఒక్కసారీ తోచనందుకు ఆమెకి తన మీద తనకే రోత పుట్టింది. తెల్ల జట్టుకి పెద్ద, సంస్థకి డైరెక్టర్ అయిన గారిక్ స్ట్రౌడ్ పక్కనే కుకీ తింటున్నాడు.

"గారిక్, ఇక్కడి జనం ఎటు పోతారు?"

"ఏ జనం?"

"పచ్చ జనం."

"జనాన్ని కూడా పెడితే ఆట ముందుకు కదులుతుందా లోర్నా? నీకు తెలీనిదా?" అని అతను చొక్కా మీది పొడి దులుపుకున్నాడు. గారిక్ చెడ్డవాడు కాదు. ఇద్దరూ ఒకే ఏడు ఈ ఊళ్లో అడుగుపెట్టారు. ఆమె అతని కూతురి పెళ్లికి కూడా వెళ్లింది.

మూడో ఎత్తులో గారిక్ ఆమె వైపు తిరిగాడు. "రేవునీ ఎయిర్‌స్ట్రిప్‌నీ నీలం వాడుకోడానికి పచ్చ ఒప్పుకుంటుందా?" అని అడుగుతూనే కలంతో తన కాగితం మీద టిక్కు పెట్టడం మొదలుపెట్టాడు.

"ఒప్పుకోదు," అంది లోర్నా.

ఎవరో దగ్గారు. ఏసీ హోరు వినిపించింది. నీలం జట్టు నడిపిస్తున్న రిటైర్డ్ జనరల్ కళ్లజోడు తీసి, "ఒప్పుకోదంటే ఏమిటండీ ఉద్దేశం?" అన్నాడు.

"మా వాళ్లకి ఎటు పోవాలో ఎవరూ చెప్పలేదు. చెప్పేదాకా మా రేవులోకి ఎవరూ రావద్దు. మీరూ వద్దు, వాళ్లూ వద్దు."

'మా' అన్న మాట తన నోట్లోంచి వచ్చేదాకా ఆమెకే తెలియదు. పక్క గది తలుపు తీసి హెర్షెల్ తొంగిచూశాడు. విషయం తెలిసి పగలబడి నవ్వాడు. "అయితే నేను గెలిచినట్టేనా? ఇంటికి పోవచ్చా? ఉప్పు తినొచ్చా?"

అందరూ నవ్వారు, గది తేలికపడింది. గారిక్ చేయి పైకెత్తి, ఆలోచించదగ్గ మాట, నమోదు చేసుకుందాం, ప్రస్తుతానికి మాత్రం పచ్చ ఒప్పుకుందనే అనుకుని ముందుకు పోదామన్నాడు. విమానాలు దిగాయి. నీలం కొన్ని ఓడలు పోగొట్టుకుని గెలిచింది, ఎప్పుడూ గెలిచినట్టే. సాయంత్రానికి అందరూ కోట్లు తగిలించుకుని వెళ్లిపోయారు.

లోర్నా మాత్రం ఆ రోజు ఎస్కలేటర్ మీద నిలబడకుండా నడిచి దిగింది, మోకాళ్ల నొప్పి సంగతే మర్చిపోయి. సంతోషంగా ఉంది. చాలా కాలానికి సంతోషంగా ఉంది. మర్నాడు ఆఫీసుకి వెళ్లి, రిపోర్టు కోసం ఒక అధ్యాయం మొదలుపెట్టింది. పచ్చ కాదంటే ఏమవుతుంది అన్నది అంశం. రేవు దగ్గర స్కూలు ఎక్కడుంది, జనాన్ని తరలించడానికి పడవలెన్ని కావాలి, అడిగే ముందు మనం ఇవ్వాల్సిన మాటేమిటి. ఆవులించకుండా రాసిన అధ్యాయం ఆమెకి ఇంకోటి గుర్తులేదు. పచ్చ జట్టు జవాబుని లెక్కలోకి తీసుకోకుండా ఇంతకాలం ఆడిన ఆటలన్నీ తప్పేనని అందులో రాసింది. ఇదొక్కటి అచ్చయితే చాలు, ఇక రిటైరవుతాననుకుంది.

వారం తిరక్కుండానే గారిక్ ఆమెని తన గదికి పిలిచి తలుపు వేశాడు.

"అధ్యాయం చదివాను. బాగుంది. అందుకే చెప్పాలంటే బాధగా ఉంది."

"చెప్పేయ్. నాన్చకు."

"ఆటకి వచ్చిన వాళ్లెవరో తమ ఆఫీసులో చెప్పారు. పచ్చ కాదన్నది, ఆ దేశం మనిషి గదిలోనే ఉన్నాడు, భోజనాలప్పుడు పచ్చతో గుసగుసలాడాడు అని. పైనుంచి ఎంబసీకి ఫోన్ వెళ్లింది. మీ వైఖరేమైనా మారిందా అని చాలా మర్యాదగా అడిగారట."

లోర్నాకి కాసేపు అర్థం కాలేదు. "కాదన్నది నేను కదా. నేను డులూత్ దాన్ని!"

"నాకు తెలుసు. కానీ మన ఆటల్ని జనం ఎలా చదువుతారో నీకూ తెలుసు. ఎంబసీ మనిషి ఉన్న గదిలో వచ్చిన మాట కాబట్టి అది ఎంబసీ మాటే అనుకున్నారు. అక్కడ ఇప్పుడు కొత్త ఒప్పందం బేరాలు నడుస్తున్నాయి. వాళ్ల రాజధానిలో గగ్గోలు. ఆ కుర్రాడు నీచేత చెప్పించాడని వాళ్ల రాయబారి మండిపడుతున్నాడు. వెనక్కి పంపించేస్తారట."

"ఒక్క ప్రశ్న అడిగినందుకా?"

గారిక్ కిటికీలోంచి చూశాడు. "అది కాదు. నువ్వు కాదనగానే అతను లేచి నిలబడ్డాడు. నీ వెనకాల కాబట్టి నీకు కనిపించలేదు. గదిలో అందరం చూశాం. కాసేపు అలాగే నిలబడి మళ్లీ కూర్చున్నాడు. ఆ మాట కోసమే వచ్చినట్టు, అది రాగానే లేచినట్టు ఉంది చూసేవాళ్లకి."

గారిక్ ఆమె అధ్యాయాన్ని బల్ల మీద పెట్టాడు.

"నువ్వొక వివరణ రాసివ్వు. ఆ జవాబు నీ సొంత పొరపాటని, ఎవరితోనూ సంబంధం లేదని, వాస్తవ పరిస్థితికి సరిపోదని. వాళ్లకి పంపిస్తాను, అతని ఉద్యోగం నిలబడుతుంది. కానీ అలా రాసిన దాని పక్కన ఈ అధ్యాయం పెట్టలేం. రెండూ ఉండవు. బలవంతం చెయ్యను. ఏది కావాలంటే అది నువ్వే తేల్చుకో."

ఆమె తన గదికి వచ్చి కూర్చుంది. అధ్యాయం తెరిచి మొదటి నుంచి చివరి దాకా చదివింది. మంచి అధ్యాయం. అచ్చయితే దీన్ని ఎవరైనా చదువుతారా? ఇన్నేళ్లలో చదవని వాళ్లు ఇప్పుడు చదువుతారా? ఒకవేళ చదివితే? ఆ ఒకవేళ దగ్గరే ఆమె ప్రాణం కొట్టుకుంది. అటు చూస్తే పెద్దమ్మ కొట్టు గురించి అడిగిన మనిషి. తను పచ్చ తరఫున నోరు విప్పిన ఒకే ఒక్కసారి దెబ్బ తగిలింది పచ్చకే. మూడేళ్ల క్రితమే రిటైరవ్వాల్సిందని తనని తాను తిట్టుకుంది.

ఎంబసీకి ఫోన్ చేసి తొబియాస్ కావాలంది. ఫోన్ ఎత్తింది అతనే. అక్కడ రిసెప్షన్ కూడా అతని పనే.

"మేడమ్! మీరు నాకు ఫోన్ చేయకూడదేమో."

"ఇంకా చెడటానికేముంది చెప్పండి. నిజంగా పంపించేస్తున్నారా?"

"స్కూలు అయిపోయేదాకా ఆగమని అడుగుతున్నాను. మా అమ్మాయి ఇక్కడ హయట్స్‌విల్‌లో నాలుగు చదువుతోంది. వెనక్కి పోతే నన్ను మళ్లీ ఆఫీసులోకి రానిస్తారనుకోను." అతను కాస్త నవ్వాడు. "మా ప్రభుత్వం ఆ రేవు ఎప్పుడో ఇచ్చేసింది మేడమ్. మేం సరే అనడానికి మీ ఆట అక్కర్లేదు. మా తాతలప్పట్నుంచీ అంటూనే ఉన్నాం. అందుకే మీ మాట అక్కడ అంత పెద్దదైపోయింది."

లోర్నా కళ్లు మూసుకుంది. ఈ ఊళ్లో జీవితమంతా చదివి, ఇంత చిన్న సంగతి ముందు ఆలోచించలేకపోయింది. పెద్దవాళ్ల బల్ల మీద పచ్చ పేరుతో అన్న మాటకి పచ్చే జవాబు చెప్పుకోవాలి.

"నేనొక వివరణ రాస్తున్నాను. లైన్లో ఉండండి, మీకు సరిపోతుందో లేదో చూసుకోండి," అని, అతను వద్దనేలోపే టైపు చేస్తూ పైకి చదవసాగింది. "పచ్చ జట్టు పాత్రధారి మూడో ఎత్తులో ఇచ్చిన జవాబు ఆమె వ్యక్తిగత పొరపాటు. దీర్ఘకాలంగా ఈ పాత్ర నిర్వహిస్తున్నందువల్ల కలిగిన అలసటే దానికి కారణం. ఆ జవాబు ఏ దేశ వైఖరినీ సూచించదు. ఏ సందర్శకుడూ ఆమెకి ఆ జవాబు సూచించలేదు. ఆమె విచారం వ్యక్తం చేస్తోంది."

చదవడం ముగించి అడిగింది.

"సరిపోతుందా?"

"రాయబారి గారు ఒప్పుకుంటారు మేడమ్. థాంక్యూ." ఆగి మళ్లీ అన్నాడు. "అలసట అన్నది నిజమేనా?"

"అది నిజం."

"నేను లేచి నిలబడ్డ సంగతి కూడా రాయాలి మేడమ్. వాళ్లు ముఖ్యంగా అడుగుతున్నది దాని గురించే."

ఆమె వేళ్లు ఆగాయి. "ఏమని రాయమంటారు?"

అతని వెనకాల ఇంకో ఫోన్ మోగి మోగి ఆగిపోయింది.

"కాలు తిమ్మిరెక్కిందని రాయండి."

"ఎక్కిందా?"

"లేదు మేడమ్," అన్నాడు తొబియాస్. "మా దేశం పేరు మీద ఎవరైనా కాదనగా నేనెప్పుడూ వినలేదు."

లోర్నా కళ్లు తుడుచుకుంది. సందర్శకుడు కాలు తిమ్మిరెక్కినందువల్ల లేచి నిలబడ్డాడని చివర ఒక వాక్యం చేర్చి, గారిక్‌కి పంపించింది.